రిజిస్టర్లో లేని పేరు

కిందటి వారం అంబులెన్స్ తలుపులు దబ్బున మూసుకున్న చోట ఆగాం. శుక్రవారం మధ్యాహ్నం హాస్టల్ రెండో అంతస్తు స్నానాల గదిలో ఐకనిష్ నేల మీద పడి ఉంది. పెదాలు నీలంగా తిరిగాయి. పిలిస్తే పలకలేదు. గేటు కాపలా చూసే బురులాయ్ ఆ పిల్లని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టింది. "ముందు డైరెక్టరుగారికి చెప్పవే, ఊరంతా తెలిసిపోతుంది!" అని హాస్టల్ పెద్ద మార్కెన్ అపా వెనక నుంచి అరుస్తున్నా వినకుండా నేరుగా ఆసుపత్రికి ఫోన్ చేసింది. పిల్ల బతికింది. బతికిన పిల్లని కాలేజీలో ఉండనిస్తారా, సామాను సర్దుకోమంటారా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మంగళవారం పొద్దున పదిన్నరకి బురులాయ్‌కి కబురొచ్చింది. గేటు రిజిస్టరు తీసుకుని మూడో అంతస్తుకి రమ్మన్నారు.

ఆమె తలగుడ్డ ముడి విప్పి మళ్ళీ బిగించుకుంది. బిగించిన ముడిని మళ్ళీ విప్పింది. గేటు పక్క అద్దాల గదిలో ఆమె రెండేళ్ళ కూతురు ఐపెరి కుర్చీ కింద దూరి ఖాళీ టీ డబ్బా మూతతో నేల మీద దరువేస్తోంది.

"పది నిమిషాలు చూడమ్మా దీన్ని," అంది బురులాయ్, అక్కడే చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చున్న మొదటి సంవత్సరం పిల్లతో. "ఎవరొచ్చినా గేటు గొళ్ళెం తియ్యకు. నేనొచ్చాక తీద్దాం."

ఆ పిల్ల తలూపింది. విని ఊపిందో, పాటకి ఊపిందో.

అద్దం మీద జనవరిలో అంటించిన కాగితం ఉంది. పన్నెండు నియమాలు. మత్తుమందుల నుంచి విద్యార్థుల్ని కాపాడటానికి కాలేజీ కొత్తగా పెట్టుకున్నవి. ఐపెరికి అంకెలు చూపించడానికి రోజూ ఆ కాగితం మీదే వేలు పెట్టి చదివించేది కాబట్టి బురులాయ్‌కి అవన్నీ నోటికొచ్చు. తొమ్మిదోది ఆమె మెడకే కట్టారు: బయటినుంచి వచ్చే ప్రతి మనిషి పూర్తి పేరు, వచ్చిన సమయం, ఎవరికోసం వచ్చారో గేటు దగ్గర రాయాలి. తప్పితే ఉద్యోగం ఉండదు. ఉద్యోగంతో పాటు కింద అంతస్తులో తల్లీకూతుళ్ళు ఉంటున్న గది కూడా.

మెట్లెక్కింది. రెండో సంవత్సరం చదువుతుండగా పెళ్ళయింది ఆమెకి. ఇదే కాలేజీ. ఇవే మెట్లు. అప్పుడు పుస్తకాలు పట్టుకుని ఎక్కేది, ఇప్పుడు రిజిస్టరు.

చదువుకునే గదిలో పొడవాటి బల్ల చుట్టూ నలుగురున్నారు. మధ్యలో టీకెటిల్, గిన్నెలో నూనెలో వేయించిన బోర్సోక్ పిండి ముక్కలు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. అది చూడగానే బురులాయ్‌కి భయం పెరిగింది. ఈ ఊళ్ళో మనుషులు ఏడుస్తూ కూడా టీ తాగుతారు.

క్రమశిక్షణ చూసే మాస్టారు కసీమాలీ అగాయ్ కిటికీ వైపు కూర్చున్నాడు. ఆయన ముందు టైపు కొట్టిన ఆర్డరు కాగితం, దాని మీద పెన్ను. ఎదురుగా ఐకనిష్ తరగతి బాధ్యత చూసే టీచరు నసీపా ఎజెకె. ఒక కొసన మార్కెన్ అపా చేతులు కట్టుకుని ఉంది. రెండో కొసన ఐకనిష్. ముంజేతి మీద ఆసుపత్రిలో సూది గుచ్చిన చోట ఇంకా కమిలే ఉంది. స్వెట్టరు చేతుల్ని వేళ్ళ మీదకి లాక్కుని తల వంచుకుంది.

"కూర్చో," అన్నాడు కసీమాలీ అగాయ్. "ఫోన్ చేసింది నువ్వేగా?"

"నేనే, అగాయ్."

"నేను చెప్పా, ముందు పైవాళ్ళకి చెప్పమని," మార్కెన్ అపా అందుకుంది. "ఈవిడ వింటేగా! గేటు దగ్గర కూర్చున్న దగ్గర్నుంచీ తానే డాక్టరు, తానే డైరెక్టరు."

"వినకపోబట్టే పిల్ల ఇక్కడ కూర్చుంది అపా," అంది నసీపా ఎజెకె. "లేకపోతే మనం ఈపాటికి వాళ్ళ ఊరి దారిలో ఉండేవాళ్ళం. వాళ్ళమ్మకి ఏం చెప్పాలా అని."

కసీమాలీ అగాయ్ ఆ మాటకి తల ఎత్తలేదు. రెండేళ్ళ కిందట ఇదే హాస్టల్లో ఒక కుర్రాడు లోపల గొళ్ళెం పెట్టుకుని మాత్రలు మింగి పడిపోతే, పోలీసులకి భయపడి గదిలోవాళ్ళు తెల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ శవాన్ని కొండ కనుమ దాటించి తండ్రికి అప్పగించి వచ్చింది కసీమాలీ అగాయే. ఆ రోజు నుంచి ఆయన నవ్వగా ఎవరూ చూడలేదని మార్కెన్ అపానే చెబుతుంది.

"నాలుగో నియమం ఉంది కదా అగాయ్," అంది నసీపా ఎజెకె. "సాయం అడిగినా, ఒకరి కోసం ఇంకొకరు సాయం అడిగినా కాలేజీ నుంచి తీసెయ్యకూడదు. వైద్యం చేయించాలి. ఆ కుర్రాడి తర్వాతేగా మనం రాసుకుంది."

"నాకూ చదువొచ్చు, నసీపా."

"వస్తే ఆ ఆర్డరు ఎందుకు టైపు చేయించారు?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ పిల్లని గెంటేసి నేను బావుకునేదేం లేదు. కానీ ఇచ్చినవాడు ఎవడు? వాడు బయట తిరుగుతూనే ఉంటాడు. వారం తిరక్కుండా ఇంకో పిల్ల పడిపోతుంది. అప్పటికి ఫోన్ చేసేవాళ్ళు పక్కన లేకపోతే? ఒకసారి మోశాను నేను. ఇంకోసారి మొయ్యలేను." ఐకనిష్ వైపు తిరిగాడు. "పేరు చెప్పు తల్లీ. చెప్తే ఈ కాగితం చింపేస్తా. పన్నెండింటిదాకా చూస్తా. తర్వాత సంతకం పెట్టెయ్యడమే."

"నాలుగో నియమంలో 'పేరు చెప్తేనే' అని లేదండీ," నసీపా ఎజెకె గొంతు లేచింది. "ఇవాళ ఆ షరతు పెట్టండి, రేపు ఎవరు పడిపోయినా మళ్ళీ గొళ్ళెం పెట్టుకుని కూర్చుంటారు."

"బస్టాండు దగ్గర కొన్నాను," ఐకనిష్ గొంతు గరగరలాడింది. "ఎవరో తెలీదు. ముఖం గుర్తులేదు."

"బస్టాండు దగ్గర." కసీమాలీ అగాయ్ తన సంచీలోంచి ఒక చిన్న కవరు తీసి బల్ల మీద దులిపాడు. "బస్టాండులో ఇలా కట్టి అమ్ముతారా? నీ పరుపు కింద దొరికింది."

సగం ఖాళీ అయిన మాత్రల షీటు. దాని చుట్టూ చుట్టిన గళ్ళ గుడ్డ పేలిక. పేలికకి కట్టిన ఉన్ని దారం.

బురులాయ్ దారాన్ని చూసింది. చూస్తూ ఉండిపోయింది.

నలుపూ తెలుపూ కలిపి పేనిన మేక ఉన్ని. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉండేదే. అయితే ఈ మెలిక ఎదురు తిరిగి ఉంది. బురులాయ్ అత్తగారిది ఎడమచేతి వాటం. ఆవిడ పేనిన దారం ఎప్పుడూ ఇలాగే అడ్డం తిరుగుతుంది. ఆ దారం ఐపెరి కుడిచేతికి దిష్టి తగలకుండా కట్టి ఉంది, ఇప్పుడు, కింద అద్దాల గదిలో. ఆ దారంతోనే, ఆ గళ్ళ గుడ్డతోనే, అత్తగారు పాల సీసా మూతి కట్టి పంపుతుంది. మంగళవారం, శుక్రవారం. మనవరాలికి. తెచ్చేది మరిది.

"వచ్చినవాళ్ళ పేర్లు చూద్దాం," అన్నాడు కసీమాలీ అగాయ్. "రిజిస్టరు ఇలా ఇవ్వమ్మా."

ఆమె చెయ్యి వెంటనే కదల్లేదు. మార్కెన్ అపా లేచి వచ్చి రిజిస్టరు లాక్కుని ఆయన ముందు పెట్టింది.

ఆయన వేలు వరసల మీద కిందికి జరుగుతోంది. నీటి పైపు బాగుచేసేవాడు, పూర్తి పేరు. ఎవరో తండ్రి, పూర్తి పేరు, కూతురి గది నంబరు. నర్సు. కరెంటు మనిషి. వేలు ఆగింది.

"ఈ మిర్జా ఎవరు?"

ఐకనిష్ తల ఎత్తింది.

"శుక్రవారం పదకొండూ పదికి వచ్చాడు. 'పాలు' అని రాసుంది. అంతకుముందు మంగళవారం, మిర్జా, పాలు. అంతకుముందు శుక్రవారం..." పేజీలు తిప్పాడు. "ఇంటిపేరు లేదు. పదహారు సార్లున్నాడు. పాలు అమ్మేవాడా? ఎవరికి?"

"అగాయ్, నేను చెప్పాగా!" ఐకనిష్ ఒక్కసారిగా అరిచింది. కుర్చీ వెనక్కి పడినంత పనైంది. "బస్టాండులో కొన్నా! బస్టాండులో! సంతకం పెట్టెయ్యండి, వెళ్ళిపోతా. ఎందుకు అందర్నీ అడుగుతారు? పెట్టెయ్యండి!"

అప్పుడు అర్థమైంది బురులాయ్‌కి. ఇంతసేపూ ఆ పిల్ల నోరు విప్పనిది పోలీసులకి జడిసి కాదు. మాత్రలు ఇచ్చినవాడికి జడిసీ కాదు. తనకోసం.

చలికాలమంతా సాయంత్రాలు ఐకనిష్ అద్దాల గదిలోకి వచ్చి కూర్చునేది. ఒడిలో ఐపెరి, ముందు లెక్కల పుస్తకం. "ఎజే, ఇది కూడా రాదా నీకు? గేటు ఎలా కాస్తున్నావ్, లెక్కపెట్టకుండా?" అని, అక్కని పిలిచినట్టే పిలిచి వేళాకోళం చేస్తూ, వదిలేసిన చదువుని ముక్కముక్కగా మళ్ళీ నేర్పింది. ఇంటి దగ్గరుండి పరీక్షలు రాసే కోర్సుకి దరఖాస్తు తెచ్చింది. సగం నింపిన ఆ కాగితం ఇంకా సొరుగులోనే ఉంది. ఫిబ్రవరి నుంచి ఆ పిల్ల నిద్ర పట్టడం లేదంటోంది. పరీక్షలు కదా, అనుకుంది బురులాయ్. అదే గదిలో మరిది పాల సీసా పెడుతూ, "నిద్ర పట్టకపోతే మందులున్నాయి చెల్లీ" అని నవ్వుతూ అన్నాడు. తనూ అక్కడే ఉంది. ఐపెరి ముక్కు తుడుస్తూ ఉంది.

ఆ గేటు తీసింది తనే. పదహారు సార్లు.

"చెప్పు," కసీమాలీ అగాయ్ ఇప్పుడు బురులాయ్ వైపు తిరిగాడు. "పూర్తి పేరు రాయాలని తెలుసుగా. ఎవరీ మనిషి?"

పెళ్ళినాడు తెల్ల తలగుడ్డ కట్టిన చేతులతోనే అత్తగారు మారుపేర్లన్నీ అప్పజెప్పింది. మామగారిని పెద్దయ్య అనాలి. పెనిమిటిని పేరు పెట్టకూడదు. అప్పటికి పదిహేడేళ్ళ మరిదిని, దొరబాబు అన్నట్టుగా, మిర్జా అనాలి. కోడలి నోట అత్తింటి మగవాళ్ళ పేరు రాకూడదు. నోటితో అనడమే కాదు, తలుచుకోవడం కూడా ఎప్పుడో మానేసింది ఆమె. రిజిస్టరులో మొదటిసారి రాసిన రోజు దాచాలని రాయలేదు. చెయ్యి దానంతటదే మిర్జా అని రాసింది.

"నోరు తిరగడం లేదా?" అన్నాడాయన విసుగ్గా.

"తిరగదు అగాయ్," అంది మార్కెన్ అపా. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆమె రిజిస్టరునే చూస్తోంది. ఆ తర్వాత బురులాయ్ తలగుడ్డని చూసింది. "అది మనిషి పేరు కాదు. కోడలు పెట్టుకునే పేరు. మీ పెద్దకోడలు మీ చిన్నబ్బాయిని పేరు పెట్టి పిలుస్తుందా మీ ఇంట్లో? నేనూ నలభై ఏళ్ళ నుంచి మా మరిదిని 'మా తెల్లబాబు' అనే అంటున్నా. వాడికిప్పుడు బట్టతల."

కసీమాలీ అగాయ్ రిజిస్టరు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"కాగితం మీద రాయమ్మా," నసీపా ఎజెకె మెల్లగా అంది. "నోటితో అనక్కర్లేదు."

"ఎజే, వద్దు," ఐకనిష్ అంది. ఏడుస్తోంది. "నీ గది పోతుంది. ఐపెరిని వాళ్ళు..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. మొదటి మనవరాలు నాయనమ్మ పిల్ల అని అత్తగారు ఐపెరి పుట్టిన రోజే అంది. నా బిడ్డ, పాలిచ్చి పెంచడానికి నీకిచ్చాను అన్నట్టుగా అంది. రష్యాలో మేస్త్రీ పని చేసుకుంటున్న ఐపెరి నాన్న ఫోనులో ఎప్పుడూ "అమ్మ మాట విను" అనే ముగిస్తాడు. వాళ్ళింటి అబ్బాయి పేరు కాలేజీ కాగితాల్లోకి ఎక్కించిన కోడలికి ఆ ఇంట్లో చోటుండదు. పిల్లకి మాత్రం ఉంటుంది. పిల్లని ఎవరూ అడగరు.

గోడ గడియారంలో పదకొండుకి ఏడు నిమిషాలు తక్కువ.

బురులాయ్ లేచి నిలబడింది.

"నువ్వు నోరు ముయ్యి," అంది ఐకనిష్‌తో. "లెక్క తప్పినప్పుడల్లా నన్ను తిట్టావుగా. ఇవాళ నా వంతు." కసీమాలీ అగాయ్ వైపు తిరిగింది. "అగాయ్, నేను చెప్తా. ఐతే దానికి ముందు మీరు ఒకటి రాయాలి."

"షరతులు పెడుతున్నావా?"

"మీరు పెట్టారు కాబట్టి నేనూ పెడుతున్నా." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నాలుగో నియమం నాకు నోటికొచ్చు. రోజూ నా కూతురితో చదివిస్తా. 'ఆపదలో ఉన్నవారు గానీ, వారి కోసం మరొకరు గానీ సాయం కోరితే, విద్యార్థిని కాలేజీ నుంచి తొలగించరాదు.' అంతే ఉంది. చుక్క పెట్టేశారు. సాయం కోరింది నేను. పేరు నేను చెప్పినా, చెప్పకపోయినా ఈ పిల్ల చదువుకుంటుంది. ముందు అది రాసి సంతకం పెట్టండి. నేను పేరు చెప్పడం వల్ల ఉంచారని రేపు ఎవరూ అనకూడదు. అన్నారా, మీ కాగితాన్ని ఇంకెవరూ నమ్మరు. గేటు దగ్గర కూర్చుంటా కాబట్టి చెప్తున్నా, పిల్లలు ఏం మాట్లాడుకుంటారో మీకంటే నాకే ఎక్కువ వినపడుతుంది."

మార్కెన్ అపా "చూశారా, డైరెక్టరే!" అని గొణిగింది. ఈసారి ఆ మాటలో ముల్లు లేదు.

కసీమాలీ అగాయ్ టైపు కొట్టిన కాగితాన్ని తిరగేశాడు. వెనక ఖాళీ వైపు పెన్నుతో రాయడం మొదలుపెట్టాడు. ప్రతి మాటా పైకి చదువుతూ రాశాడు. నాలుగో నియమం ప్రకారం. తొలగించడం లేదు. వైద్యం కాలేజీ చేయిస్తుంది. సంతకం పెట్టి నసీపా ఎజెకె ముందుకి తోశాడు. ఆవిడా పెట్టింది. ఐకనిష్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఇప్పుడు నీ ఇష్టం," అన్నాడాయన. "చెప్పకపోయినా నేనేం అనను."

ఇంక ఎవరూ బలవంతం చెయ్యడం లేదు. అదే కష్టమైంది. ఎవరైనా మెడ మీద కత్తి పెట్టి చెప్పిస్తే, తర్వాత అత్తగారికి ఆ కత్తిని చూపించొచ్చు. ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు. బల్ల మీద ఆ దారం ఒక్కటే ఉంది. సగం షీటు ఖాళీ. మిగతా షీట్లు ఏ పరుపుల కింద ఉన్నాయో.

"ఎల్దియార్," అంది బురులాయ్.

ఐదేళ్ళలో మొదటిసారి. నోట్లో ఏదో విరిగినట్టైంది. ఆమె ఇంటిపేరు కూడా చెప్పింది. తన ఇంటిపేరూ అదే.

కసీమాలీ అగాయ్ అప్పటికే లేచి ఫోను తీశాడు. "ఎక్కడ ఉంటాడు? ఇప్పుడు ఎక్కడ దొరుకుతాడు?"

"మంగళవారం," అంది బురులాయ్. "మంగళవారం పదకొండుకి..."

"జెనే!"

కింద నుంచి ఆ పిలుపు. వదినని పిలిచే పిలుపు. ఎప్పటిలాగే సాగదీసి, ఎప్పటిలాగే నవ్వుతూ.

ఆమె కిటికీ దగ్గరికి పరిగెత్తింది. హాస్టల్ ముంగిట్లో, కరిగీ కరగని మంచు బురదలో ఎల్దియార్ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో గళ్ళ గుడ్డ కట్టిన పాల సీసా. భుజం మీద ఐపెరి. రెండు చేతులతో వాడి జుట్టు పట్టుకుని కేరింతలు కొడుతోంది. అద్దాల గది తలుపు బార్లా తెరిచి ఉంది. మొదటి సంవత్సరం పిల్ల గుమ్మంలో నిలబడి, చెవుల్లో పాటలతోనే, చిన్నదానికి టాటా చెబుతోంది.

అతను తల ఎత్తి చూశాడు. ముందు వదిన కనబడింది. నవ్వాడు. తర్వాత ఆమె వెనక, ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డ కసీమాలీ అగాయ్ కనబడ్డాడు.

నవ్వు ఆగిపోయింది. పాల సీసాని మెల్లగా వంగి నేల మీద పెట్టాడు. పిల్లని మాత్రం దింపలేదు.

"ఐపెరి!" బురులాయ్ కిటికీ రెక్కని గుద్దింది. చలికాలానికని అంచుల చుట్టూ అంటించిన కాగితం ఊడి రాలేదు. "ఐపెరీ!"

అతను వెనక్కి తిరిగాడు. ఒక చేత్తో పిల్ల కాళ్ళు గట్టిగా పట్టుకుని, తొందర లేనట్టుగా, గేటు వైపు నడిచాడు. గేటు గొళ్ళెం తీసే ఉంది.

దాన్ని కాయవలసిన మనిషి మూడో అంతస్తు కిటికీ వెనక నిలబడి ఉంది.